బెల్లం మంచిగున్నదా బాపూ

ఆ ఆటను తయారుచేసిన వాళ్ళ ఇళ్ళలో గల్ఫ్ పోయిన మనిషి ఒక్కడు కూడా ఉండి ఉండడు. ఉంటే అట్లా చేసేవాళ్ళు కాదు. ఈ మాట మా స్టాఫ్ రూంలో అంటే అందరూ నవ్వారు. "ఫోన్ల బొమ్మల ఆటకు గింత కోపమా టీచర్?" అన్నారు. నవ్వనీ. వాళ్ళ మొగుళ్ళు సాయంత్రం కాగానే బండి హారన్ కొట్టుకుంటూ గేటు ముందు దిగుతారు. వాళ్ళకేం తెలుస్తుంది నా మంట?

మాది మెట్‌పల్లి. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. మా ఆయన ఏసీ మెకానిక్. పెళ్ళికి ముందు నుంచే మస్కట్‌లో పని. రెండేళ్ళకోసారి వస్తాడు, రెండు నెలలు ఉంటాడు, పోతాడు. మా వీధిలో ఇదేం పెద్ద విషయం కాదు. ఇటు పక్కింటాయన దుబాయిలో, అటు పక్కింటి కొడుకు బహ్రెయిన్‌లో. ఆదివారం మా చర్చిలో మగవాళ్ళు కూర్చునే వైపు సగం ఖాళీగానే ఉంటుంది. మాకు ఒక్కతే బిడ్డ, ఇప్పుడు ఐదో తరగతి. బడిలో పిల్లలంతా డాడీ అంటున్నా, ఈయన మాత్రం బాపు అనే పిలిపించుకుంటాడు. పిలిస్తే పలకడానికి దగ్గర లేడు గానీ పిలుపు మీద మాత్రం ఎక్కడలేని పట్టుదల.

శుక్రవారం ఆయనకు సెలవు. మాకు సాయంత్రం అవుతుండగా వీడియో కాల్ చేసేవాడు. ఆ ఫోన్ కాల్ ఎప్పుడూ ఒకేలా నడిచేది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"ఏం కూర?"

"పప్పు."

"మంచిగ చదువుతున్నవా?"

"ఆ."

అంతే. ఆ తర్వాత ఇద్దరూ మాటల కోసం వెతుక్కునేవాళ్ళు. ఆయన గొంతు సవరించుకునేవాడు, ఇది జడ చివర నోట్లో పెట్టుకునేది. కాసేపటికి ఫోన్ నా చేతిలో పెట్టి వీధిలోకి ఒకటే ఉరుకు. ఒకసారి ఫోన్‌ను మంచం మీద వెల్లకిలా పడేసి పోయింది. నేను చూసేసరికి పాపం ఆయన మా ఇంటి సీలింగ్ ఫ్యాన్‌తో మాట్లాడుతున్నాడు. "బిడ్డా, ఉన్నవా? ఏమే, వినవడ్తుందా?" అని అడుగుతున్నాడు.

ఆ రోజు నాతో అన్నాడు. "గీ పిల్ల నన్ను సారనుకుంటుందా ఏందే? అటెండెన్స్ ఇచ్చినట్టు మాట్లాడ్తది. ఇంకో రెండేండ్లైతే అంకుల్ అంటది సూడు." నవ్వుతూనే అన్నాడు. నేనూ ఏదో సర్ది చెప్పాను గానీ నాకూ అదే భయం. ఈ పిల్లకు తండ్రి లేకుండా పోతున్నాడు. మనిషి ఉన్నాడు, నెల నెలా అన్నీ పంపుతున్నాడు, అయినా తండ్రి లేకుండా పోతున్నాడు. దీనికి ఏం చెయ్యాలో నాకు అర్థం కాలేదు.

అప్పుడొచ్చింది ఈ ఆట. మస్కట్‌లో ఆయన రూంమేట్ ఒకడు నేర్పాడట. ఫోన్ చేతిలో పట్టుకుని నడుస్తుంటే, మనం నడిచే దారిలోనే వింత వింత జీవులు ఫోన్లో ఎదురవుతాయి. వల విసిరి పట్టాలి, పట్టినవాటిని పెంచాలి. "జర నీ ఫోన్ల గూడ ఎక్కియ్యే, బిడ్డ ఆడుకుంటది" అన్నాడు. పిల్లకు వేరే ఫోన్ ఎక్కడిది? నాదే. ఇష్టం లేకుండానే ఎక్కించాను. మా అత్తమ్మ చూసి, "ఇగ పురుగులు వట్టుడు సురువైందా ఇంట్ల?" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో వాటి పేరు పురుగులే.

కానీ దేవుడు మేలు చేశాడనే అనుకున్నాను. రెండు శుక్రవారాలు గడిచేసరికి ఫోన్ మోగకముందే ఇది ఫోన్ పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

"బాపూ, నాకు రెండు కొమ్ములది దొరికింది!"

"ఏందీ! నాకింకా దొరకలే గది. యాడ వట్టినవే?"

"బస్టాండ్ కాడ. ఉరుకుతుంటే వట్టిన."

"అబ్బా! నన్ను దాటిపోయినవ్ గదనే నువ్వు!"

వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ వింటుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ఉల్లిగడ్డల వల్ల కాదు. తండ్రీబిడ్డలు మాట్లాడుకుంటున్నారు. ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. నాకంతకన్నా ఇంకేం కావాలి?

అయితే ఆట చేసినోళ్ళు మనుషులను సుఖంగా ఆడుకోనిస్తేనా! పురుగులను పట్టే వలలు ఊరికే రావు. ఊళ్ళో కొన్ని చోట్ల మాత్రమే దొరుకుతాయి. ఆ చోట్లు ఫోన్లో నీలంగా వెలుగుతుంటాయి. మస్కట్‌లో ఫౌంటెన్ ఫౌంటెన్‌కూ ఒకటి, మాల్ మెట్ల మీద ఒకటి. మా వీధిలో ఏముందంటే బోడి నేల. మిషన్ వాళ్ళ కాలంలో రాతితో కట్టిన చర్చి ఉంది మాకు, ఊళ్ళో దానికన్నా పాత కట్టడం ఇంకోటి లేదు. అది ఆటకు కనపడదు. బస్టాండ్ ఒక్కటి కనిపిస్తుంది. పాపం పిల్ల నా కొంగు పట్టుకుని రోజూ బస్టాండ్ దాకా లాక్కుపోయేది. కళ్ళ డాక్టర్ దగ్గరికి కరీంనగర్ తీసుకెళ్తే జాతరకు పోయినంత సంబరం. "అమ్మా, ఈడ అడుగుకొకటి ఉన్నదే!" అని నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనక ఆటోవాడు తిట్టిన తిట్లు నేను పడ్డాను.

గుడ్ల కథ ఇంకోటి. ఆటలో గుడ్డు ఇస్తారు. అది పిల్ల కావాలంటే ఫోన్ పట్టుకుని చాలా దూరం నడవాలి. ఆటోలో పోతే లెక్కకు రాదు, బస్సులో పోతే అసలే రాదు. ఇది ఆటో అతన్ని, "అంకుల్, జర నడిచినట్టు పోనియ్యుండ్రి" అని బతిమిలాడింది. ఆయన నా వైపు, ఈ పిల్లకేమైంది అన్నట్టు చూశాడు. ఇక వారానికోసారి ప్రత్యేకమైన పురుగులు వచ్చే గంట ఒకటి ఉంటుంది చూశారూ, అది ఎప్పుడు పెట్టారో తెలుసా? ఆదివారం, సరిగ్గా మా ఆరాధన సమయంలో! పాస్టరు గారు ప్రార్థనలో ఉండగా నా చేతిసంచిలో ఫోన్ జుయ్యిమంటుంటే, ఇది ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి సంచి వైపే చూస్తుండేది. తొడ పాశం పెట్టాను. ఏం లాభం, ఆమెన్ అనగానే బయటికి ఉరికింది. అప్పటికి గంట అయిపోయింది. ముఖం మాడ్చుకుని వచ్చింది.

అట్లా నడిచీ నడిచీ ఒక గుడ్డును పిల్ల చేసింది. మట్టిరంగులో, పొట్టతో, చిన్న తోకతో ఉందది. దానికి బెల్లం అని పేరు పెట్టింది. ఇక బెల్లం లేచిందా, బెల్లం తిన్నదా, ఇదే లోకం. నాకు దాన్ని చూస్తే నవ్వొచ్చేది. కాని ఆ పిల్ల అంత ప్రేమగా దేన్నీ చూసుకోగా నేను చూడలేదు.

బెల్లం ఒక దశ దాకా పెరిగి ఆగిపోయింది. ఎంత తినిపించినా పెరగదు. ఆయన కనుక్కుని చెప్పాడు. ఆ రకం జీవిని ఇంకొకరితో మార్చుకుంటేనే దాని రూపం మారి పెద్దదవుతుందట. మార్చుకోవాలంటే ఇద్దరూ ఒక్కచోట ఉండాలట, ఫోన్లు పక్కపక్కనే ఉండాలట. నాకు ఒళ్ళు మండింది. మస్కట్ నుంచి మెట్‌పల్లికి ఖర్జూరాలొస్తాయి, సబ్బులొస్తాయి, దుప్పట్లొస్తాయి, ఒక బొమ్మ పురుగు రాదా? కానీ మా ఆయన సంతోషపడ్డాడు. "రానీ తియ్. నేను వచ్చినప్పుడు మార్చుకుంటం. అప్పటిదాంక దాన్ని మంచిగ సూసుకో బిడ్డా" అన్నాడు. తను కూడా అక్కడ ఒక దాన్ని పట్టి, మార్చుకోవడానికని పెంచడం మొదలుపెట్టాడు. పిల్ల తండ్రి రాక కోసం ఎదురు చూడటం అదే మొదటిసారి.

ఆయన వచ్చిన రోజు చెప్పాలి. బస్టాండ్‌లో బస్సు దిగి చెయ్యి చాపితే, అన్నాళ్ళు ఫోన్లో అంత వాగిన పిల్ల నా వెనక దాక్కుంది. ఆయన చెప్పుల వైపు చూస్తోంది తప్ప ముఖం వైపు చూడదు. ఆటోలో కూడా ఆయనకు దూరంగా, నాకు ఇటు పక్కనే కూర్చుంది. ఆయన ముఖం చూడలేకపోయాను. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గడప మీద కూర్చుని, ఫోన్ తీసి, నెమ్మదిగా అడిగాడు.

"మరి బెల్లం ఏదీ?"

అంతే! నా చేతిలోంచి ఫోన్ గుంజుకుని ఆయన పక్కన కూలబడింది. రెండు ఫోన్లూ ఆనించి పెట్టారు. ఇటు పురుగు అటు, అటు పురుగు ఇటు పోయింది. తెర అంతా తెల్లగా మెరిసింది. ఆయన ఫోన్లో బెల్లం ఇంతెత్తున లేచి నిలబడింది, వీపు మీద గుల్లతో. పిల్ల కెవ్వున అరిచి ఆయన మెడకు వేలాడింది. "బాపూ, సూసినవా! బాపూ!" అంటూ ఊపేస్తోంది. ఆయన దాని తల మీదుగా నా వైపు చూశాడు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. మా అత్తమ్మ, "పురుగులు సుత మార్చుకుంటరా?" అని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

కాసేపటికి పిల్ల, "ఇగ నాది నాకియ్యి బాపూ" అంది. ఆయన నొక్కాడు. రాలేదు. మళ్ళీ నొక్కాడు. ఒకసారి మార్చుకున్నదాన్ని మళ్ళీ మార్చుకోవడానికి వీల్లేదని వచ్చింది. ఈ ముక్క ముందు చెప్పి చావొచ్చు కదా! మార్చుకునేటప్పుడు కనీసం ఒక హెచ్చరిక లేదు. దానికి ఏడుపు ఆగలేదు. అన్నం కూడా ముట్టలేదు. నేనైతే ఆ ఆటవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన మాత్రం దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల నిమురుతూ అన్నాడు.

"ఎందుకేడుస్తవ్ బిడ్డా? నీది నా తాన ఉన్నది, నాది నీ తాన ఉన్నది. నేను యాడికి వోయినా బెల్లం నా ఎంబడే ఉంటది. పొద్దుగాల లేవంగనే దాన్నే సూస్త. నిన్ను సూసినట్టే ఉంటది నాకు."

అది ముక్కు తుడుచుకుని ఆలోచించింది. "మరి రోజూ తిండి పెడ్తవా?" అంది. "పెడ్త" అన్నాడు. "రోజూ నడిపిస్తవా?" "నడిపిస్త." అప్పుడు లేచి అన్నం తింది.

ఆ రెండు నెలలూ మా ఇల్లు ఇల్లులా ఉంది. సాయంత్రమైతే తండ్రీబిడ్డలు చెరో ఫోన్ పట్టుకుని బజారుకు పోయేవాళ్ళు. ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కరీంనగర్ పోయి మానేరు డ్యాం మీద నడిచాం. "నా బెల్లం బాపు కాడున్నది" అని ఇది వీధిలో అందరికీ గొప్పగా చెప్పుకునేది. నేను కూడా ఆ ఆటను తిట్టడం మానేశాను.

ఈసారి ఆయనది కొత్త వీసా. మస్కట్ కాదు, దోహా. మాలో ఎవరైనా గల్ఫ్ ప్రయాణం పెట్టుకుంటే ముందురోజు ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటాం. పాస్టరు గారు వస్తారు, చుట్టాలు వస్తారు, చాపలు పరుస్తాం, పాటలు పాడి ప్రార్థన చేసి చాయ్ బిస్కెట్లు ఇస్తాం. ఆయన అక్క, బావ భైంసా నుంచి వచ్చారు. బావ అక్కడ పత్తి వ్యాపారం చేస్తాడు, నోరు కాస్త పెద్దది. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది మా దగ్గర. గల్ఫ్ నుంచి వచ్చినవాడు తిరిగి పోయేటప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌ను ఎవరో ఒక దగ్గరివాళ్ళకు వదిలిపోతాడు. అక్కడికి పోయి కొత్తది కొనుక్కుంటాడు. ఎవరూ రూలు పెట్టలేదు, అట్లా నడుస్తోంది అంతే.

ప్రార్థన అయిపోయింది. పాస్టరు గారు ఇంకా చాపమీదే కూర్చుని చాయ్ తాగుతున్నారు. బావ గట్టిగా అన్నాడు.

"ఏం బామ్మర్దీ, గీసారి గూడ అక్క మొగణ్ణి మర్సిపోయినవా? చేతిలున్న ఫోన్ అన్న ఇడిచిపోవా?"

అంతమంది ముందు, అక్క ఎదురుగా, పాస్టరు గారు చూస్తుండగా, కాదనడం ఎట్లా? మా ఆయనకు అసలే మొహమాటం. నవ్వుతూ, "అయ్యో బావా, నువ్వు అడిగితే కాదంటనా" అని సిమ్ తీసి జేబులో వేసుకున్నాడు. తన ఫోటోలు, మా ఫోటోలు ఇంకొకరి చేతిలో పడకూడదని అక్కడికక్కడే ఫోన్ మొత్తం ఫార్మాట్ చేసి శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. మా బిడ్డ అప్పుడు వాళ్ళ బాపమ్మతో వంటింట్లో బిస్కెట్లు ప్లేట్లలో సర్దుతోంది. నేను చాయ్ గ్లాసులు అందిస్తూ అంతా చూశాను. బెల్లం సంగతి ఆ హడావుడిలో నాకు తట్టనే లేదు. ఆట ఎట్లాగూ నంబరు మీద ఉంటుంది, కొత్త ఫోన్లో ఎక్కించుకుంటే అదే వస్తుందని ఆయన నమ్మకం. ఫోన్ బావకిచ్చిన సంగతి పిల్లకు చెప్పాల్సిన పనే లేదనుకున్నాం.

దోహా పోయిన వారానికి మధ్యాహ్నం బడిలో అన్నం తింటుంటే ఫోన్ చేశాడు. గొంతులోనే తెలిసిపోయింది.

"ఏమే, గా ఆట తెరుసుకుంటలేదే."

కొత్త ఫోన్లో ఆట ఎక్కించాడు. అది నీ నంబరుకు ఓటీపీ పంపాం, కొట్టు అంటోంది. ఆ నంబరు మస్కట్‌ది. మస్కట్ వదిలేశాక ఆ సిమ్‌కు రీచార్జి లేదు, నంబరే చచ్చిపోయింది. ఇంకో దారి లేదు. ఆట వాళ్ళకు ఇంగ్లీషులో రాసి పంపాడు, రూంలో చదువుకున్న పిల్లాడితో రాయించి. వెంటనే జవాబొచ్చిందట. మీ సమస్య చెప్పుకోవడానికి దయచేసి ముందు మీ ఖాతాలోకి లాగిన్ అవ్వండి అని! లాగిన్ కాలేకనే కదరా నాయనా ఏడుస్తోంది! నేను తలకాయ పట్టుకున్నాను. గల్ఫ్‌లో నంబర్లు ఎన్నిసార్లు మారతాయి, కంపెనీ మారితే మారుతుంది, దేశం మారితే మారుతుంది. చచ్చిన నంబరు చేతిలో తాళంచెవి పెట్టి కూర్చున్నారు మహానుభావులు.

"దానికి చెప్పకు" అన్నాడు. "జర కొన్ని దినాలు ఆగు. ఏదన్న జేస్త. ఇప్పుడు చెప్తే నా మొకం గూడ సూడదది."

నేను సరే అన్నాను. ఆ శుక్రవారం అది అడిగింది, "బాపూ, బెల్లం మంచిగున్నదా?" అని. "మంచిగున్నది బిడ్డా. ఈడ సముద్రం కాడికి తీస్కపోయిన" అన్నాడు. "సూపియ్యి!" అంది. "గిదే ఫోన్ల మాట్లాడుతుంటిని గదా, ఎట్ల సూపియ్యాలె? మల్లొక్కసారి" అన్నాడు. మళ్ళీ వారం కూడా సూపియ్యి అంది. చార్జింగ్ లేదన్నాడు. ఆటలో ఒక దిక్కుమాలిన ఏర్పాటుంది, మన జత ఆటగాళ్ళు ఎన్నాళ్ళ కింద ఆడారో పేరు కింద చూపిస్తుంది. దాన్ని ఎవరడిగారు? ఆయన పేరు కింద ఆ రోజులు పెరుగుతూనే ఉన్నాయి. పిల్ల అది చూసి, "బాపూ, నువ్వు ఆడుతలేవా? గీడ ఆడినట్టు సూపిస్తలేదు" అని నిలదీసింది. "ఈడ నెట్‌వర్క్ మంచిగ లేదు బిడ్డా" అన్నాడు. దాని ముఖంలో అనుమానం నాకు కనిపించింది. నాకు పరేషాన్ మొదలైంది.

తర్వాత భైంసాలో వదినవాళ్ళు కొత్తిల్లు కట్టుకుని ప్రార్థన పెట్టారు. నేనూ పిల్లా పోయాం. జనం, వంటలు, మైకు సందడి. అన్నయ్య, అదే మా ఆయన బావ, అటూ ఇటూ తిరుగుతూ ఫోన్లో పత్తి రేట్లు మాట్లాడుతున్నాడు. మా ఆయన ఫోనే అది, వెనక అదే కవరు, అంచున అదే పగులు. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. భోజనాల తర్వాత పిల్ల కనపడకపోతే వెతికాను. మెట్ల కింద ఒక్కతే కూర్చుని ఉంది. ఏమైందే అంటే కడుపులో తిప్పుతోందంది. తిరుగుబస్సులో నిర్మల్ దాకా కిటికీకి తల ఆనించి కూర్చుంది. బస్సు పడలేదేమో అనుకుని నిమ్మకాయ వాసన చూపించాను.

ఆ శుక్రవారం నుంచి అది మారిపోయింది. సూపియ్యి అని అడగడం మానేసింది. ఆట గురించి రోజుల లెక్క అడగడం మానేసింది. మొత్తం బెల్లం ముచ్చట్లే.

"బాపూ, బెల్లం మంచిగున్నదా?"

"మంచిగున్నది బిడ్డా. నిన్న నా ఎంబడి పనికి వచ్చింది."

"పనికా! ఏం జేసింది?"

"ఏసీ డబ్బల దూరింది. సల్లగుంటది గదా ఆడ. ఎంత పిలిచినా బయటికి రాదు."

ఇది పకపకా నవ్వింది. "మరెట్ల తీసినవ్?"

"బెల్లం ముక్క సూపిచ్చిన!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. వారం వారం కథలు పెరిగాయి. దోహా ఎండకు బెల్లం గొడుగు పట్టుకుందట, రూంమేట్ల చపాతీలు దొంగిలించిందట. ఇది గుచ్చి గుచ్చి అడిగేది, ఆయన కల్పించి కల్పించి చెప్పేవాడు. కాల్ అంతకంతకూ పొడుగైంది. నాకు మాత్రం లోపల మండిపోయేది. లేని పురుగు గురించి ఈయన కథలు చెప్పడమేంటి, అమాయకపు పిల్ల నమ్మి మురిసిపోవడమేంటి! రేపు ఎవరో ఒకరు చెప్తారు. అప్పుడు ఈ పిల్ల తండ్రి మాట దేన్నైనా మళ్ళీ నమ్ముతుందా? ఇక ఆగలేకపోయాను. ఆయనకు చెప్పకుండానే నేనే చెప్పేద్దామని తీర్మానించుకున్నాను.

శనివారం తలంటి, గడప దగ్గర కూర్చోబెట్టి జడ వేస్తూ మొదలుపెట్టాను. ముఖం ఎదురుగా లేకపోతే చెప్పడం సులువనుకున్నాను.

"బిడ్డా, నీకో మాట చెప్పాలె. కోపం చేసుకోవద్దు."

"బెల్లం గురించా?" అంది.

నా చేతులు ఆగిపోయాయి.

"నాకు తెల్సమ్మా" అంది వెనక్కి తిరగకుండానే. "బాపు ఫోన్ మామ కాడున్నది. భైంసల సూసిన. మామనడిగి తీస్కొని మొత్తం ఎతికిన. అండ్ల ఆటనే లేదు. మొత్తం తుడిచిచ్చిండట, మామ చెప్పిండు."

అంటే ఆ రోజు మెట్ల కింద కూర్చున్నది కడుపులో తిప్పి కాదు.

"మరి తెల్సి గూడ బాపును ఎందుకడుగుతున్నవే బెల్లం గురించి? వారం వారం అడుగుతనే ఉన్నవ్ గదా?"

అప్పుడు తిరిగింది. నన్ను చూసిన చూపు, ఇంత చిన్న విషయం అమ్మకు తెలియదా అన్నట్టుంది.

"అడగకపోతే బాపు ఏం మాట్లాడ్తడమ్మా? మల్ల తిన్నవా, ఏం కూర అంటడు. ఇగ ఫోన్ పెట్టేస్తడు."

నేను దాన్ని గుండెకు హత్తుకున్నాను. సగం వేసిన జడ విడిపోయింది. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. అది నా వీపు మీద చెయ్యి వేసి, పెద్దమనిషిలాగా, "నాకు తెల్సని బాపుకు చెప్పకు, ఆయినె బాధపడ్తడు" అంది. నా చేత ఒట్టు వేయించుకుంది. మా చర్చిలో ఒట్టు పెట్టుకోవద్దంటారు, అయినా వేశాను.

నిన్న శుక్రవారం మళ్ళీ ఫోన్ వచ్చింది. బెల్లానికి జలుబు చేసిందట. ఆవిరి పట్టమని ఇది చెప్పింది, నెత్తి మీద తువ్వాల కప్పడం మర్చిపోవద్దంది. ఆయన అట్లాగే చేస్తానన్నాడు. చాలాసేపు మాట్లాడుకుని, ముద్దుపెట్టి, ఫోన్ నాకిచ్చి ఆడుకోవడానికి పోయింది. ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమే, దానికి అనుమానం ఏం రాలే గదా?"

వీధిలోంచి దాని అరుపులు వినిపిస్తున్నాయి.

"రాలే" అన్నాను.